ఎండోమెట్రియోసిస్ నర్సు: ఆమెతో పని చేయించుకోవడం ఎలా

నేను ఇంగ్లండ్‌లో ఒక ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ) ఆసుపత్రిలో ఎండోమెట్రియోసిస్ స్పెషలిస్ట్ నర్సుని. మాది గుంటూరు వైపు. విజయవాడలో బీఎస్సీ నర్సింగ్ చదివి, కొన్నాళ్లు అక్కడే గైనిక్ వార్డులో చేసి ఇక్కడికి వచ్చాను. మా క్లినిక్‌కి తెలుగు అమ్మాయిలు బాగానే వస్తారు. మాస్టర్స్ చదివేవాళ్లు, డిపెండెంట్ వీసా మీద వచ్చినవాళ్లు, ఐటీ ఉద్యోగాలు చేసేవాళ్లు. అందరికీ నా ఫోన్ నంబరున్న కార్డు ఇస్తాను. ఇక్కడివాళ్లు ఏ అనుమానం వచ్చినా ఆ వారంలోనే ఫోన్ చేసేస్తారు. మనవాళ్లు చెయ్యరు. నెలలు గడిచాక తర్వాతి అపాయింట్‌మెంట్‌కి వచ్చి, "మందు పడలేదక్కా, రెండో వారమే ఆపేశాను" అంటారు. మరి ఫోన్ చెయ్యలేదేం అంటే, "మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని" అంటారు.

ఆ ఫోన్ ఎత్తడమే నా ఉద్యోగం. దానికే నాకు జీతం ఇస్తున్నారు. ఈ ఉద్యోగం ఎందుకు పెట్టారో, దాన్నుంచి మీరు ఏమేం రాబట్టుకోవచ్చో తెలియక మనవాళ్లు అనవసరంగా నొప్పి భరిస్తున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

జబ్బు గురించి రెండు మాటలు. గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం గర్భసంచి బయట పెరగడమే ఎండోమెట్రియోసిస్. అండాశయాల మీద, గర్భసంచి వెనక, పేగు మీద, మూత్రాశయం మీద, అరుదుగా డయాఫ్రం (ఊపిరితిత్తుల కింద ఉండే కండరం) మీద కూడా పెరుగుతుంది. నెలనెలా హార్మోన్లకు అదీ స్పందిస్తుంది. వాపు వస్తుంది, మచ్చ కడుతుంది, లోపలి అవయవాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అండాశయంలో చేరితే చాక్లెట్ సిస్ట్ అంటారు. పిల్లలు కనే వయసులో ఉన్న ఆడవాళ్లలో సుమారు పది మందిలో ఒకరికి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇది కేన్సర్ కాదు, అంటుకునేదీ కాదు. కానీ పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. ఒక ఆపరేషన్‌తోనో ఒక మందుల కోర్సుతోనో ఫైలు మూసేసే జబ్బు కాదు కాబట్టి, ఏళ్ల తరబడి మీ కథ మొత్తం తెలిసిన మనిషి ఒకరు కావాలి. డాక్టర్లు మారుతుంటారు. జూనియర్లు కొన్ని నెలలకోసారి వేరే విభాగానికి వెళ్లిపోతారు. నర్సు అక్కడే ఉంటుంది.

ఇది నా సొంత అభిప్రాయం మాత్రమే కాదు. చికిత్స ఎలా ఉండాలో చెప్పే నైస్ సంస్థ 2017లో ఎండోమెట్రియోసిస్ మార్గదర్శకాలు తెచ్చింది, 2024లో సవరించింది. గైనిక్ సేవల్లో ఈ జబ్బు మీద అవగాహన ఉన్న నర్సు అందుబాటులో ఉండాలని అందులో ఉంది. పేగు, మూత్రనాళాల దాకా పాకిన క్లిష్టమైన కేసులకు బీఎస్‌జీఈ అనే వైద్యుల సంఘం గుర్తించిన సెంటర్లు వేరే ఉంటాయి. ఆ గుర్తింపు రావాలంటే సర్జన్ అలాంటి కష్టమైన ఆపరేషన్లు ఏడాదికి కనీసం 12 చేయాలి, సెంటర్‌కంటూ ఒక స్పెషలిస్ట్ నర్సు ఉండాలి. వేల్స్‌లో అయితే ప్రభుత్వ నిధులతో ఒక్కో హెల్త్ బోర్డుకు ఒక ఎండోమెట్రియోసిస్ నర్సు ఉన్నారు.

జీపీ దగ్గర ఏం చెప్పాలి

నా దాకా రావాలంటే ముందు జీపీ, అంటే ఇక్కడ అందరూ మొదట వెళ్లే ఫ్యామిలీ డాక్టర్, గడప దాటాలి. ఏళ్లు పోయేది అక్కడే. ఎండోమెట్రియోసిస్ యూకే అనే చారిటీ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం, మొదటిసారి జీపీకి చెప్పుకున్నప్పటి నుంచి జబ్బు పేరు తేలేదాకా సగటున 8 ఏళ్ల 10 నెలలు పడుతోంది. పదో తరగతిలో మొదలైన నొప్పికి పీజీ అయ్యాక పేరు దొరుకుతోందన్నమాట.

"పీరియడ్స్‌లో కడుపునొప్పి ఎక్కువగా ఉంటోంది" అని మాత్రం చెప్పి ఊరుకోకండి. ఆ మాట జీపీ రోజూ వింటుంది, నొప్పి మాత్ర రాసి పంపేస్తుంది. ఆ నొప్పి వల్ల మీకు ఏ పని ఆగిపోతోందో చెప్పండి, ఇలా: నెలకు రెండు రోజులు క్లాసుకి వెళ్లలేకపోతున్నాను. ఆరు నెలలుగా పీరియడ్స్ లేనప్పుడూ పొత్తికడుపు లాగుతోంది. పీరియడ్స్ రోజుల్లో మోషన్‌కి వెళ్లాలంటే భయమేస్తోంది. ఆ రోజుల్లోనే మూత్రంలో మంట, ఒక్కోసారి రక్తం. కలయిక సమయంలో లోపల లోతుగా నొప్పి, అది మర్నాటిదాకా ఉంటోంది. ఏడాదిగా ప్రయత్నిస్తున్నా గర్భం రాలేదు. వీటిలో మీకు ఉన్నవన్నీ చెప్పండి. గర్భం రాకపోవడం ఒక్కటే అయితే చాలదు కానీ, మిగతావాటిలో ఒక్కటి ఉన్నా ఎండోమెట్రియోసిస్ అనుమానించాల్సిందే. మీ అమ్మకో అక్కకో ఈ జబ్బు ఉంటే అదీ చెప్పాలి. చివర్లో పేరు పెట్టి అడగండి: "ఇది ఎండోమెట్రియోసిస్ అయ్యుండొచ్చా?" పేరు పెట్టి అడిగితే జీపీ దాన్ని రికార్డులో రాయాల్సి వస్తుంది. అది ముందుముందు మీకు పనికొస్తుంది.

జీపీ ముందు నొప్పి మాత్రలో, హార్మోన్ మాత్రలో మూడు నెలలు వాడి చూడమనవచ్చు. అది మిమ్మల్ని వదిలించుకోవడం కాదు, పద్ధతే అది. కాకపోతే మొదలుపెట్టిన తేదీ రాసుకోండి. తగ్గకపోతే మూడు నెలలు నిండిన వారంలోనే మళ్లీ ఫోన్ చేసి, "మీరిచ్చింది వాడాను, తగ్గలేదు, గైనిక్‌కి రిఫర్ చెయ్యండి" అనండి. భరించలేని నొప్పి అయితే ఆ మూడు నెలలూ ఆగనక్కర్లేదు. ఇంగ్లండ్‌లో రిఫరల్ రాసేటప్పుడు ఏ ఆసుపత్రికి పంపాలో ఎంచుకునే హక్కు మీకుంది. బీఎస్‌జీఈ వెబ్‌సైట్‌లో గుర్తింపు ఉన్న సెంటర్ల జాబితా ఉంటుంది, దగ్గర్లో ఉన్నదాని పేరు చెప్పండి.

స్కాన్ నార్మల్ వచ్చిందని చెప్పి పంపేస్తే అక్కడ ఆగిపోకండి. స్కాన్‌లోనో ఎంఆర్ఐలోనో కనబడనంత మాత్రాన ఎండోమెట్రియోసిస్ లేదని చెప్పకూడదని నైస్ స్పష్టంగా రాసింది. సీఏ-125 రక్తపరీక్షతో ఈ జబ్బును తేల్చకూడదని కూడా రాసింది. ఇండియాలో ఆ పరీక్ష చేయించుకుని, నార్మల్ కాబట్టి ఏమీ లేదనుకుని వచ్చినవాళ్లను చూస్తుంటాను.

పెళ్లి కాని అమ్మాయిలకు ఒక మాట. లోపలి నుంచి చేసే స్కాన్ మీకు ఇష్టం లేకపోతే, ఇంతవరకూ ఎవరితోనూ కలయిక జరగలేదంటే, ఆ సంగతి ముందే చెప్పండి. పొట్ట మీద నుంచి చేస్తారు, అవసరమైతే ఎంఆర్ఐ అడుగుతారు. ఎవరూ తప్పుగా అనుకోరు, ఇంటికి చెప్పరు. ఏ పరీక్షకైనా ఆడ డాక్టర్ని అడగొచ్చు, పక్కన ఇంకో మహిళా సిబ్బంది ఉండాలని అడగొచ్చు.

నర్సుకి ఏం తెచ్చి చూపించాలి

నేను మొదటి ఫోన్‌లో అందరికీ చెప్పేది డైరీ రాయమని. రెండు మూడు నెలసరులు రాస్తే చాలు. ఫోన్‌లో నోట్స్‌లో రాసుకోండి, తెలుగులో రాసినా సరే. ఒక రోజు డైరీ ఇలా ఉంటే నాకు పని మొదలవుతుంది:

"రెండో రోజు. తెల్లవారుజామున 5కి నొప్పితో మెలకువ వచ్చింది. పొత్తికడుపు కుడివైపు నుంచి తొడ లోపలికి. పదికి 8. లేచి అన్నం తిని నాప్రోక్సెన్ వేసుకున్నా, 7 గంటలకి కాస్త తగ్గింది, పదికి 5 ఉంటుంది. మోషన్‌కి వెళ్తే వెనక లోపల పొడిచినట్టయింది, కాసేపు లేవలేకపోయా. ప్యాడ్ రెండు గంటలకోసారి మార్చా. ఆఫీసుకి లాగిన్ అయ్యా కానీ కెమెరా ఆపేసి పడుకున్నా."

ఇందులో నేను చదివేది ఇదీ. మోషన్‌కి వెళ్లినప్పుడు పొడిచిన నొప్పి పీరియడ్స్‌లోనే వస్తోందంటే గర్భసంచి వెనక, పేగు దగ్గర లోతుగా ఏదైనా ఉందేమో చూడాలి. అది చదివాక కన్సల్టెంట్‌తో ఎంఆర్ఐ విషయం మాట్లాడతాను, రిపోర్టు వచ్చాక పేగు సర్జన్ కూడా ఉండే మీటింగ్‌లో ఆ కేసు పెట్టిస్తాను. నొప్పి పదికి 8కి చేరాక మాత్ర వేసుకుంటున్నారంటే, మాత్ర సమయం మార్చాలి. నాప్రోక్సెన్ లాంటివి నొప్పి ముదరకముందే, ఏమైనా తిన్నాక వేసుకుంటే బాగా పనిచేస్తాయి. రెండు గంటలకో ప్యాడ్ అంటే రక్తహీనత చూడాలి. లాగిన్ అయి కెమెరా ఆపేసి పడుకోవడం మీ హెచ్ఆర్‌కి నేను రాసే లెటర్‌లోకి వస్తుంది. "చాలా నొప్పి, భరించలేను" అని ఒక్క వాక్యం రాస్తే వీటిలో ఏదీ నాకు దొరకదు.

ఇంకో రెండు సంగతులు మర్చిపోకుండా రాయండి. పీరియడ్స్‌లో కుడి భుజం పైన నొప్పి వస్తే, అది మెడ పట్టేసిందని వదిలేయకండి, డయాఫ్రం మీద ఎండోమెట్రియోసిస్ ఉన్నప్పుడు అలా వస్తుంది. పాత ఆపరేషన్ కుట్టు దగ్గర, సిజేరియన్ మచ్చ దగ్గర నెలనెలా ఉబ్బి నొప్పెడుతుంటే అదీ చెప్పాలి.

నోరు పెగలని విషయాలు

క్లినిక్‌లో భర్త పక్కన కూర్చుంటారు. మంచి మనిషే, శ్రద్ధగానే వచ్చి ఉంటారు. నేను అమ్మాయిని అడుగుతాను, జవాబు ఆయన చెబుతారు. కలయికలో నొప్పి ఉంటుందా అని అడిగితే ఆ అమ్మాయి తల వంచుకుని "లేదండి" అంటుంది. పరీక్ష కోసం లోపలి గదిలోకి తీసుకెళ్లి, తలుపు వేశాక మళ్లీ అడిగితే అప్పుడు చెబుతుంది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఉందనీ, ఆయనకు చెబితే ఏమనుకుంటాడోననీ.

కాబట్టి అపాయింట్‌మెంట్ ముందే నర్సుకి ఫోన్ చేసి, "కాసేపు నాతో ఒంటరిగా మాట్లాడండి" అని చెప్పండి. ఆ ఏర్పాటు మేం చేస్తాం, మీరు అడిగారని బయటపడనివ్వం. ఇంగ్లిష్‌లో ఇబ్బందైతే ఇంటర్‌ప్రెటర్ కావాలని రిఫరల్‌లోనే రాయించండి. తెలుగు ఇంటర్‌ప్రెటర్ ఫోన్‌లో దొరుకుతారు, ఖర్చు ఎన్‌హెచ్‌ఎస్‌దే. భర్తో, ఆడపడుచో, స్నేహితురాలో అనువదించడం నాకు ఇష్టముండదు. వాళ్లు చెడ్డవాళ్లని కాదు. వాళ్ల ముందు మీరు సగమే చెబుతారు, ఆ సగంలోనూ వాళ్లకు సిగ్గనిపించింది వదిలేస్తారు.

కలయికలో వచ్చే ఈ నొప్పికి చికిత్స ఉంది. కటి కండరాల ఫిజియోథెరపిస్టులున్నారు, దాంపత్య జీవితంలో నొప్పి గురించి మాట్లాడే కౌన్సెలర్లున్నారు. రిఫర్ చేసేది చాలాసార్లు నర్సే. కానీ మీరు "లేదండి" అన్నాక నేను ఎవరికీ రిఫర్ చెయ్యలేను.

మందులు మొదలయ్యాక

నా ఫోన్లలో ఎక్కువ భాగం మందుల గురించే. కొందరు స్పెషలిస్ట్ నర్సులు అదనపు కోర్సు చేసి మందులు కూడా రాస్తారు. రాయనివాళ్లం డాక్టరుతో మాట్లాడి మార్పిస్తాం. ఎలా చూసినా మొదటి ఫోన్ నర్సుకే చెయ్యాలి.

ఎక్కువ గందరగోళం హార్మోన్లను ఆపే ఇంజెక్షన్లతో. గోసెరెలిన్ తీసుకుందాం. 28 రోజులకోసారి, బొడ్డు కింద పొట్ట చర్మం లోపల ఒక చిన్న గుళిక పెడతాం. సూది లావుగా ఉంటుంది. అది చూసి భయపడేవాళ్లు ఎక్కువ కాబట్టి ముందే చెబుతున్నాను, అడిగితే మత్తు క్రీమ్ రాసి పెడతాం. మొదటి రెండు మూడు వారాలు నొప్పి పెరగవచ్చు, ఒకసారి గట్టిగా బ్లీడింగ్ కావచ్చు. మందు పని మొదలుపెట్టినప్పుడు హార్మోన్లు ఒక్కసారి పెరిగి ఆ తర్వాత పడిపోతాయి కాబట్టి అలా అవుతుంది. సరిగ్గా ఆ వారాల్లోనే మనవాళ్లు "పడలేదు" అని ఆపేస్తారు. ఆపే ముందు ఒక్క ఫోన్ చెయ్యండి.

ఆ తర్వాత ఒంట్లో ఆవిర్లు, రాత్రి చెమటలు, నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం ఉండొచ్చు. ఎముకలు పలచబడకుండా, ఈ బాధలు తగ్గడానికి కొద్ది మోతాదులో హెచ్‌ఆర్‌టీ (తగ్గిన హార్మోన్లను కొంత భర్తీ చేసే మాత్రలు) కలిపి ఇస్తాం. 26 ఏళ్ల అమ్మాయి ఆ మాత్రల డబ్బా మీద మెనోపాజ్ అని చదివి, అమ్మకు ఫోన్ చేసి, ఇద్దరూ కంగారుపడి మాత్రలు పక్కన పడేస్తారు. ఇంజెక్షన్ మాత్రం తీసుకుంటూనే ఉంటారు. ఇది అసలు చెయ్యకూడని పని, ఎముకలకు నష్టం. రెండూ కలిపే వాడాలి. విటమిన్ డి సంగతీ నర్సుని అడగండి. మన చర్మానికి ఈ దేశపు ఎండ చాలదు, ఏడాది పొడుగునా రోజుకు 10 మైక్రోగ్రాములు వేసుకోమని మనలాంటి వాళ్లకు ఎన్‌హెచ్‌ఎస్ సలహా.

2025లో, హార్మోన్లను ఆపే రెలుగోలిక్స్, భర్తీ చేసే హార్మోన్లు ఒకే మాత్రలో కలిసిన మందుకు నైస్ ఆమోదం వచ్చింది. రోజుకొకటి ఇంట్లోనే వేసుకోవచ్చు. ముందు వేరే మందులో ఆపరేషనో అయినవాళ్లకు ఇస్తారు. ఇంజెక్షన్ కోసం నెలనెలా సెలవు పెట్టలేనివాళ్లు దీని గురించి అడగండి. పిల్లల కోసం ప్రయత్నిస్తుంటే మాత్రం ఆ విషయం అన్నిటికంటే ముందు చెప్పాలి. ఎండోమెట్రియోసిస్‌కి వాడే హార్మోన్ మందులేవీ ఆ ప్రయత్నంతో కలవవు. అప్పుడు దారి వేరు, నర్సు మిమ్మల్ని ఫర్టిలిటీ వైపు పంపే ఏర్పాటు చూస్తుంది. ఒక్క సంగతి: వీసాతో పాటు హెల్త్ సర్‌చార్జ్ కట్టారు కాబట్టి ఐవీఎఫ్ కూడా ఉచితమే అనుకుంటారు. కాదు. సర్‌చార్జ్‌లో ఆపరేషన్ వస్తుంది, ఐవీఎఫ్ లాంటి చికిత్సలు రావు. ఆ ఖర్చు ముందే లెక్క వేసుకోండి.

ఆపరేషన్ ముందు, తర్వాత

లాపరోస్కోపీకి (పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చేసే ఆపరేషన్) తేదీ వచ్చాక నర్సుతో ఒక అరగంట అడిగి తీసుకోండి. సర్జన్ చెప్పినప్పుడు తల ఊపి, బయటికొచ్చాక ఒక్క ముక్క అర్థం కాలేదనుకోవడం అందరికీ జరిగేదే. ఆ ముక్కలన్నీ విడమరచి చెప్పడానికే నర్సు ఉంది. ఎండోమెట్రియోసిస్ మచ్చల్ని కత్తిరించి తీస్తారా, పైపైన కాలుస్తారా? పేగు మీద ఉందని తేలితే అదే రోజు చేస్తారా, ఇంకో రోజు పేగు సర్జన్‌తో కలిసి చేస్తారా? కొన్నాళ్లు మలం పోవడానికి పొట్టకు సంచి పెట్టాల్సి వచ్చే అవకాశం ఎంత? చాక్లెట్ సిస్ట్ తీస్తే అండాల నిల్వ తగ్గుతుందా, ముందు ఆ నిల్వను చెప్పే ఏఎంహెచ్ రక్తపరీక్ష చేయించాలా? ఈ చివరి ప్రశ్న పిల్లలు కావాలనుకునే ప్రతి అమ్మాయీ అడగాలి. సిస్ట్ తీసేటప్పుడు అండాశయంలో మంచి భాగమూ కొంత పోవచ్చు.

గుర్తింపు ఉన్న సెంటర్లలో పెద్ద ఆపరేషన్‌కి ముందు ఒక పొడవైన ప్రశ్నాపత్రం ఇస్తారు. మళ్లీ 6 నెలలకు, ఏడాదికి, రెండేళ్లకు అదే పంపిస్తారు. చిరాకనిపించినా నింపండి. ఆపరేషన్ వల్ల నిజంగా ఎంత మేలు జరిగిందో తేల్చేది ఆ కాగితాలే. నొప్పి తిరిగొస్తే మీరు ఎక్కడ మొదలయ్యారో మాకు చూపించేదీ అవే.

ఇంటికి వెళ్లాక రెండు మూడు రోజులు భుజాల్లో నొప్పి ఉంటుంది. పొట్టలో నింపిన గ్యాస్ వల్ల అది, నాలుగడుగులు నడిస్తే తగ్గుతుంది. ఇండియా నుంచి అమ్మ వచ్చి ఉంటే పథ్యం మొదలవుతుంది. కూరలు వద్దు, పళ్లు వద్దు, చారన్నం చాలు, లేవొద్దు, తడి తగలనివ్వొద్దు. ప్రేమే అది, కానీ కోడీన్ అనే నొప్పి మాత్రలకు ఎలాగూ మలబద్ధకం వస్తుంది, దానికి ఈ పథ్యం తోడైతే మోషన్‌కి ముక్కి ముక్కి కుట్లు నొప్పెడతాయి. పీచున్న కూరలు, పళ్లు, బాగా నీళ్లు, ఇంట్లో నడక, డిశ్చార్జ్ కాగితం మీద చెప్పిన రోజు నుంచి స్నానం. కావాలంటే అమ్మకు ఫోన్ ఇవ్వండి, నేనే చెబుతాను. చెప్పాను కూడా చాలామందికి.

ఇక ఆపరేషన్ తర్వాత నర్సు ఫోన్ కోసం ఆగకూడనివి ఉన్నాయి. తగ్గుతున్న కడుపునొప్పి మళ్లీ పెరగడం, జ్వరం, చలి, వాంతులు ఆగకపోవడం, పొట్ట ఉబ్బి గట్టిపడటం, మూత్రం రాకపోవడం, ప్యాడ్ తడిసిపోయేంత రక్తం, పిక్కలో నొప్పి వాపు, ఊపిరి అందకపోవడం. పేగుకో మూత్రనాళానికో దెబ్బ తగిలితే ఒక్కోసారి నాలుగైదు రోజులు గడిచాక బయటపడుతుంది. వెంటనే 111కి (ఎన్‌హెచ్‌ఎస్ సలహా ఫోన్) గానీ, ఊపిరి అందకపోతే, స్పృహ తప్పుతుంటే 999కి (అంబులెన్స్) గానీ చెయ్యండి, లేదా ఎమర్జెన్సీకి వెళ్లండి. మా ఫోన్ రాత్రుళ్లు, శని ఆదివారాలు ఎవరూ ఎత్తరు. చాలాచోట్ల ఈ పనికి ఒకరమో ఇద్దరమో ఉంటాం, క్లినిక్‌లో ఉంటే పగలు కూడా వాయిస్‌మెయిల్‌కే వెళ్తుంది. పెద్ద సెంటర్లను ఇంత తక్కువమంది నర్సులతో నడపడం న్యాయం కాదని నేను మీటింగుల్లో చెబుతూనే ఉన్నాను.

వాయిస్‌మెయిల్ వస్తే పెట్టేయకండి. పేరు స్పెల్లింగ్‌తో, పుట్టినతేదీ, హాస్పిటల్ నంబరు, ఎప్పుడు ఫోన్ ఎత్తగలరు, సమస్య ఒక్క వాక్యంలో. "ఇంజెక్షన్ అయి 10 రోజులు, బ్లీడింగ్ ఎక్కువైంది, రెండు గంటలకో ప్యాడ్" అంటే నేను ముందు మీకే చేస్తాను. "ప్లీజ్ కాల్ బ్యాక్" అంటే వరుసలో చేస్తాను. హాస్పిటల్ నుంచి వచ్చే ఫోన్ ప్రైవేట్ నంబర్ అని చూపిస్తుంది, అది ఎత్తండి.

లెటర్లు, ఉద్యోగం, చదువు

ఆపరేషన్‌కి ఎన్ని వారాలు సెలవు కావాలో ఆసుపత్రిలోనే ఫిట్ నోట్ (ఆఫీసుకిచ్చే మెడికల్ సర్టిఫికెట్) తీసుకోండి. 2022 జులై నుంచి నర్సులు కూడా ఫిట్ నోట్ మీద సంతకం చెయ్యొచ్చు. ఏడాదికి పైగా ఉండి, రోజువారీ పనుల్ని గట్టిగా దెబ్బతీసే జబ్బు ఈక్వాలిటీ చట్టం కింద వైకల్యంగా లెక్కకు రావచ్చు, అప్పుడు ఉద్యోగంలో తగిన మార్పులు చెయ్యాల్సిన బాధ్యత కంపెనీదే. నేను రాసే లెటర్‌లో జబ్బు పేరుతో పాటు ఏం కావాలో కూడా ఉంటుంది: ఆ రెండు రోజులు ఇంటి నుంచి పని, దగ్గర్లో టాయిలెట్ ఉండే సీటు, గోడౌన్ షిఫ్టులో బరువులెత్తే పని వద్దని. మీ పని ఎలా ఉంటుందో వివరంగా చెబితేనే అలా రాయగలను.

స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు హాజరు పోతుందన్న టెన్షన్‌తో నొప్పిలోనే క్లాసుకి వెళ్తుంటారు. పరీక్ష తప్పాక లెటర్ అడగడం కంటే, సెమిస్టర్ మొదట్లోనే యూనివర్సిటీ డిజేబిలిటీ ఆఫీసులో మీ పేరు నమోదు చేయించుకోండి. దానికి కావాల్సిన కాగితం నర్సు ఇస్తుంది.

"గర్భసంచి తీసేస్తే పోతుందిగా"

ఇది ప్రతి తెలుగు కుటుంబం నుంచీ వినే మాట. కారణం నాకు తెలుసు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలే. మా ఊళ్లో మా అమ్మ వయసువాళ్లలో ఎంతమందికి ముప్పై, ముప్పై అయిదేళ్లకే తీసేశారో. తీశాక నడుము నొప్పులు, ఎముకల అరుగుదల. అది చూస్తూ పెరిగిన పిల్లకు అదే ఆఖరి మార్గం అనిపించడం సహజం.

ఎండోమెట్రియోసిస్ గర్భసంచి బయట ఉంటుంది. గర్భసంచి తీసి, పేగు మీదా పక్కనా ఉన్నవి వదిలేస్తే నొప్పి అలాగే ఉండొచ్చు. కొందరికి, ముఖ్యంగా గర్భసంచి కండరంలోనే అలాంటి కణజాలం పెరిగే అడినోమయోసిస్ ఉండి పిల్లలు ఇక వద్దనుకున్నవాళ్లకు, ఆ ఆపరేషన్ నిజంగా మేలు చేస్తుంది. కానీ మచ్చలన్నీ కూడా అదే సమయంలో తీయాలి, అండాశయాలు ఉంచాలో తియ్యాలో విడిగా మాట్లాడాలి. "పెళ్లయితే తగ్గుతుంది", "ఒక బిడ్డ పుడితే సర్దుకుంటుంది" అనేవి కూడా నమ్మి నిర్ణయాలు తీసుకోకండి. గర్భంతో ఉన్నప్పుడు కొందరికి తగ్గొచ్చు, తర్వాత తిరిగి రావొచ్చు. ఇంట్లో పెద్దవాళ్లకు మీరు చెబితే వినకపోతే ఒక వీడియో అపాయింట్‌మెంట్‌లో వాళ్లను కూర్చోబెట్టండి. నర్సు చెబితే కొంత వింటారు. అక్కడి అత్తగార్లతో కూడా అలా మాట్లాడాను.

ఆంధ్రలో, తెలంగాణలో ఉన్నవాళ్లు

నేను పనిచేసిన రోజుల్లో మా ఆసుపత్రిలో ఇలాంటి నర్సు లేదు. ఇప్పుడు పెద్ద నగరాల్లో ఎండోమెట్రియోసిస్ క్లినిక్ అని బోర్డున్న చోట్లు ఉన్నాయి కాబట్టి, అక్కడికి వెళ్తే మొదట అడగండి: ఆపరేషన్ తర్వాత నాకు సందేహం వస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఆ మనిషి పేరేంటి? పేరు చెప్పలేకపోతే ఆ పని మీరే కొందరి మధ్య పంచుకోవాలి. మీ గైనకాలజిస్ట్ దగ్గర పనిచేసే నర్సుల్లో ఒకరిని గుర్తుపట్టి, ప్రతిసారీ ఆమెనే అడగండి. మందుల తేడాలకు నమ్మకమైన ఫార్మసిస్ట్, నొప్పికి కటి కండరాలు తెలిసిన ఫిజియోథెరపిస్ట్. డైరీ, ప్రశ్నల జాబితా పైన చెప్పినట్టే. మన దగ్గర గర్భాశయ టీబీ కూడా నొప్పికీ, పిల్లలు కలగకపోవడానికీ కారణమవుతుంది. రెంటికీ లక్షణాలు కలుస్తాయి కాబట్టి అది చూశారా అని డాక్టర్ని అడగండి.

తెలంగాణ ప్రభుత్వం 2017లో యూనిసెఫ్, ఫెర్నాండెజ్ ఆసుపత్రితో కలిసి నర్సులకు మిడ్‌వైఫ్ శిక్షణ మొదలుపెట్టింది. కాన్పుకి ప్రత్యేక నర్సు ఉండొచ్చని ఒప్పుకున్న చోట, ఏళ్ల తరబడి ఉండే ఈ నొప్పికి ప్రత్యేక నర్సు ఎందుకుండకూడదు? గురుకుల హాస్టళ్లలో ప్రతి నెలా ఆ మూడు రోజులూ మంచం మీదే ఉండే పిల్లల్ని ఏఎన్ఎం ఒక పుస్తకంలో రాసుకుని పీహెచ్‌సీ డాక్టరుకి చూపిస్తే, వాళ్లలో కొందరికైనా ఏళ్లు మిగులుతాయి. ఈ పని చేస్తున్న నర్సులు అక్కడ ఎవరైనా ఉంటే, డైరీ ఎలా చదవాలో, ఫోన్ క్లినిక్ ఎలా నడపాలో నాకు తెలిసినదంతా చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను.

అక్కడ ఆపరేషన్ అయి తర్వాత ఇక్కడికి వచ్చేవాళ్లు డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే తెస్తారు. అందులో "ఎండోమెట్రియోసిస్, స్టేజ్ ఫోర్" అని ఒక ముక్క ఉంటుంది, అంతే. మాకు కావాల్సింది ఆపరేషన్ నోట్స్, బయాప్సీ రిపోర్టు, ఎంఆర్ఐ సీడీ, లాపరోస్కోపీ వీడియో తీసి ఉంటే అది. బయల్దేరే ముందే రికార్డ్స్ సెక్షన్‌కి వెళ్లి రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. గోసెరెలిన్‌లాంటి ఇంజెక్షన్లు తీసుకుని ఉంటే ఒక్కోదాని తేదీ, మోతాదు కూడా రాయించండి. అసలు కాగితాలు మీ దగ్గరే ఉంచుకుని మాకు కాపీలు ఇవ్వండి.